నీడ ముందు, పూలు తర్వాత

ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వెళ్లే బస్సు కోసం రోడ్డు పక్కన ఎప్పుడైనా నిలబడ్డారా? నిలబడి ఉంటే నేను చెప్పబోయేది మీకు సగం తెలిసినట్టే. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి... నిన్నమొన్నటి దాకా ఊళ్లు, ఇవాళ ఊపిరి సలపని హైదరాబాదు శివారు. అక్కడ దాదాపు ఆరు కిలోమీటర్ల పైవంతెన పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. దుమ్ములో నిలబడ్డవాళ్లకి దొరికే నీడల్లా స్తంభాల నీడ, లేదంటే చెరకురసం బండి గొడుగు.

ఇలాంటి రోడ్డుకి సుందరీకరణ అనగానే ఏం చేస్తారో మనందరికీ తెలుసు. స్తంభాలకి రంగులు, రంగుల మీద బొమ్మలు, డివైడర్‌లో పూలమొక్కలు, కూడలిలో ఫౌంటెన్, రాత్రికి దీపాలు. ఇవేవీ వద్దనను, బాగానే ఉంటాయి. అయితే ఇవన్నీ బండిలో దూసుకుపోయేవాళ్ల కంటికోసం పెట్టినవి. రోడ్డు మీద పొద్దంతా గడిపేది వాళ్లు కాదు కదండీ! జామకాయల బుట్ట ముందు పెట్టుకున్న అవ్వ, ఆటో స్టాండులో డ్రైవర్లు, బడి వదిలాక బరువు సంచులతో నడిచొచ్చే పిల్లలు, అడ్డా మీద పని కోసం ఎదురుచూసే కూలీలు. వాళ్లకి కావలసింది నీడ. రోడ్డు అందం అక్కణ్ణుంచి మొదలవ్వాలనేది నా గట్టి నమ్మకం.

ఇదే రహదారికి ఇంకో ముఖం ఉంది. జాతీయ రహదారి 163 హైదరాబాదుకి తూర్పున వరంగల్ వైపు పోతుంది, పడమట చేవెళ్ల మీదుగా సాగుతుంది. ఆ పడమటి దారిలో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్లలో దాదాపు 900 మర్రిచెట్లు. మొయినాబాద్ దాటాక రెండు వైపుల కొమ్మలూ కలుసుకుని రోడ్డు మీద పందిరి వేసిన చోట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఆ చెట్ల కోసం జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ ఇరుకు దారిలో ప్రాణాలు పోతున్నాయన్న బాధా నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ మర్రులు నాటినవాళ్ల బుద్ధి చూడండి. ఎడ్లబండి తోలేవాడు, కాలినడకన పోయేవాడు వాళ్ల కళ్లముందున్నారు. అశోకుడు చెట్లు నాటించెనని చిన్నప్పుడు వల్లె వేశాం. ఎందుకు నాటించాడో ఆయనే ఏడో స్తంభ శాసనంలో చెప్పుకున్నాడు: దారిలో మర్రులు పశువులకీ మనుషులకీ నీడ కోసమని.

డివైడర్ సంగతి వేరు. అక్కడ నిలబడేవాళ్లు లేరు, కాబట్టి గన్నేరుకి మించినది నాకు కనబడదు. ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్లలో పడకుండా అడ్డుకుంటుంది, పొగనీ ఎండనీ తట్టుకుంటుంది, విషం కాబట్టి మేక నోరు పెట్టదు. కాగితంపూల మొక్కా అంతే మొండిది. యూటర్న్ దగ్గర మాత్రం మొక్కలు మోకాలెత్తు దాటకూడదు, లేకపోతే రోడ్డు దాటే పిల్లవాడు డ్రైవరుకి కనబడడు.

తొందరగా పచ్చబడాలన్న ఆత్రం మనల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో కోనోకార్పస్ చూపించింది. 2015లో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం మొదలయ్యాక ఎన్నో ఊళ్లలో, రోడ్ల మధ్య ఆ విదేశీ మొక్క బారులు తీరింది. ఏడాది తిరక్కుండానే గోడలా లేచి నిలబడుతుంది మరి! తర్వాత పుప్పొడి వల్ల ఊపిరి సమస్యలొస్తాయనీ, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయనీ భయాలు మొదలై, ఇక నాటొద్దనే దాకా వచ్చింది. గుజరాత్ 2023లో నిషేధమే పెట్టింది. విశాఖలో హుద్‌హుద్ తుఫాను తర్వాత నాటిన ఏడాకుల పాల చెట్లు పూసే కాలంలో ఆ ఘాటు వాసనకి తలనొప్పులని జనం మొరపెట్టుకున్నారు.

అంచుల్లో నాటడానికి మన చెట్లకి కరువా? కానుగని చూడండి. ఎండలు ముదిరే వేళకి లేతాకు తొడిగి, మే నెలలో చిక్కటి నీడ ఇస్తుంది. వేప ఉంది, నేరేడు ఉంది, పొగడ ఉంది. తురాయి ఎర్రగా పూస్తే నేనూ ఆగి చూస్తాను, కానీ దాని కొమ్మ పెళుసు, గాలివానకి విరిగి బండ్ల మీద పడుతుంది. పార్కులో ఉంటే మేలు. కరెంటు తీగల కింద చోట్లలో నందివర్ధనం, పారిజాతం లాంటివి చాలు. కడియం నర్సరీల నుంచి లారీలకొద్దీ మొక్కలు వస్తూనే ఉన్నాయి. డబ్బూ ఉంది, 2015 హరిత రహదారుల విధానం ప్రకారం జాతీయ రహదారి పనుల ఖర్చులో ఒక శాతం పచ్చదనానికే.

లేనిదల్లా మట్టి. కాలిబాట టైల్స్ చెట్టు మొదలు దాకా పరిచేస్తాం. వాన నీరు దిగదు, వేరుకి గాలి అందదు, పదేళ్లకి ఈదురుగాలికి చెట్టు ఒరిగితే చెట్టుదే తప్పంటాం. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన రోడ్లకి ఆ మీటరు ఎందుకు దక్కకూడదు?

మీ కాలనీ పక్క రోడ్డు వెడల్పవుతుంటే సంఘం మీటింగులో ఇప్పుడే అడగండి. కాలిబాట ప్లానులో చెట్టుకి చోటు ఎక్కడుంది, మొదటి మూడు వేసవులు ట్యాంకరు ఎవరు పంపుతారు, ఎండిన మొక్క స్థానంలో కొత్తది ఎవరు పెడతారు? బస్టాపు పడమటి పక్కన రెండు కానుగలకి గుంతలు వదలమని పట్టుబట్టండి, సాయంత్రపు ఎండ అటునుంచే కొడుతుంది. ఈ మాటలన్నీ టైల్స్ పరచకముందే కాగితం మీదకి రావాలి.