పొద్దున్నే వచ్చి చూడండి

సంక్రాంతికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి చీర పెడతారు, వెళ్ళేటప్పుడు డబ్బాడు అరిసెలూ, బస్తాడు కొబ్బరికాయలూ కట్టిస్తారు. ఈ ఏడు మా అమ్మ వాటితోపాటు నాకు కారు తాళాలు కూడా అప్పజెప్పింది. కారనగానే కుళ్ళుకోకండి. అది మా నాన్న 1989లో కొన్న అంబాసిడరు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసినన్నాళ్ళూ ఆయన దాన్లోనే తిరిగారు. ఆ కార్లు తయారయ్యే ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని 2014లో ఆగిపోయింది. నాన్న పోయి మూడేళ్ళయింది. అమ్మ ఇంట్లోనూ, కారు కొట్టంలోనూ మిగిలారు.

"కారు అమ్మేసి, అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకుంటానక్కా" అంటాడు హైదరాబాదు నుంచి మా తమ్ముడు. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటీ అమ్మకి ఇష్టం లేదు.

కారుకి ఓ రోగం ఉంది. పొద్దున్నే స్టార్టు అవుతుంది, అందులో పేచీ లేదు. కానీ ఆక్సిలరేటరు తొక్కామా, ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే నీళ్ళు నమిలే పిల్లలాగా ఆగి, రెండు దగ్గులు దగ్గి, అప్పుడు కదులుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయాక ఇక దానంత బుద్ధిమంతురాలు లేదు.

ఇదేదో ముచ్చటగానే ఉందనుకున్నాను, భోగినాటి దాకా. ఆవేళ తెల్లారకుండానే అమ్మని అయినవిల్లి వినాయకుడి గుడికి తీసుకెళ్దామని బయల్దేరాను. మంచు కురుస్తోంది, వీధుల్లో భోగిమంటల పొగ. కాలవ వంతెన ఎక్కి మెయిన్ రోడ్డు మీదికి తిరిగేసరికి అటునుంచి కొబ్బరికాయల లారీ వస్తోంది. దాటిపోదామని గట్టిగా తొక్కాను. కారు నడిరోడ్డు మీద ఊపిరి బిగబట్టింది! లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. వాడు నన్నన్న మాటలు మాత్రం రాయలేను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ముందు ఊపిరి పీల్చుకోవే" అంది, కారుతోనో నాతోనో తెలీలేదు.

అక్కణ్ణించి వైద్యం మొదలైంది. మావారు రాజమండ్రి నుంచి ఫోనులోనే నాడి చూసి బ్యాటరీ అన్నారు. (బ్యాటరీ పోతే అసలు స్టార్టే కాదు కదండీ అంటే, నీకు తెలీదూరుకో అన్నారు.) పక్కింటి బాబాయిగారు పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊళ్ళకి ఊళ్ళే కదిలిపోవడంతో షెడ్లు తెరవలేదు. మర్నాడు ఓ షెడ్డుకి తీసుకెళ్తే ప్లగ్గులు మార్చారు. రెండో షెడ్డులో కార్బురేటరు ఊడదీసి కడిగారు. రెండు చోట్లా నా ఎదురుగానే స్టార్టు చేసి, రయ్యిమని ఓ చుట్టు తిప్పుకొచ్చి, "బెమ్మాండంగా ఉందండీ" అన్నారు. ఉంది కూడా. మర్నాడు పొద్దున్నే మళ్ళీ దగ్గు.

"వేడెక్కాక చూస్తే వాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుందే? నువ్వు పది కిలోమీటర్లు తోలుకెళ్ళి చూపిస్తున్నావు. పొద్దున్నే ఇంటికొచ్చి చూడమను" అంది అమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

అమ్మ జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. కానీ నాన్న పక్కసీట్లో ముప్పై ఏళ్ళు కూర్చుంది. కారు సంగతి ఆవిణ్ణి అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు!

నాన్న హయాంలో కారు చూసిన మేస్త్రిగారికి కబురు పెట్టాం. మర్నాడు అయిదున్నరకల్లా సైకిలు మీద వచ్చారు. నేను తాళం పట్టుకుని పరుగెత్తబోతే, "ముట్టుకోకండమ్మా" అని, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూశారు. చల్లగా ఉందని నమ్మకం కుదిరాక గాని స్టార్టు చేయనివ్వలేదు. ఆ తరవాత ప్రశ్నలు. నెమ్మదిగా తొక్కితే దగ్గుతోందా, ఒక్కసారి తొక్కితేనా? ఒక్కసారి తొక్కితేనే. చోక్ కాస్త లాగి ఉంచితే? తగ్గుతోంది. ఊరికే నిలబెట్టి ఉంచితే? బాగానే కొట్టుకుంటోంది. గాలి దొంగతనంగా దూరుతోందేమోనని రబ్బరు గొట్టాలన్నీ వేళ్ళతో తడిమారు. తరవాత ఇంజను ఆపి, చెవిమీది బీడీ తీసి దూరంగా అరుగు మీద పెట్టొచ్చి, గాలి జల్లెడ మూత ఊడదీసి, కార్బురేటరు గొంతులోకి టార్చి వేశారు.

"ఇప్పుడు తొక్కండమ్మా. ఆయ్, చాలు. ఇలా వచ్చి చూడండి."

అక్కడి మీట ఆయన చేత్తో నొక్కగానే లోపల పన్నీరు బుడ్డి చిలకరించినట్టు పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలిట. రెండు చుక్కలు రాలాయి, అంతే.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టుగా చెబుతాను. పెట్రోలు నీళ్ళలా ఉన్నంతసేపూ మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మంట. తూకంలో ఒక పాలు పెట్రోలుకి పదిహేను పాళ్ళ గాలి కావాలి. ఇంజను చల్లగా ఉంటే, ఇడ్లీపాత్ర మూతకి ఆవిరి నీరై పట్టుకున్నట్టు, పెట్రోలు కూడా దారిలోనే గొట్టం గోడలకి అంటుకుపోతుంది. లోపలికి చేరేది పల్చటి పులుసే. అందుకే పొద్దున్నపూట చోక్ లాగి, పెట్రోలు పాలు పెంచి చిక్కన చేస్తాం. ఇక ఒక్కసారి గట్టిగా తొక్కితే తేలికైన గాలి ముందు పరుగెత్తుతుంది. బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ క్షణం లోటు పూడ్చడానికి కార్బురేటరు పక్కన ఓ చిన్న పంపు, దాన్లో అర్ధరూపాయి బిళ్ళంత రబ్బరు పొర ఉంటాయి. మా కారులో ఆ పొర పండుటాకులా బిగుసుకుని చిట్లిపోయింది. ముప్పై అయిదేళ్ళు దాటిన రబ్బరు మరి! దానికితోడు ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, 2025కి అది 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరుకి అది సరిపడదు.

"మన కోనసీమలో చలి ఏపాటి మేస్త్రిగారూ, రగ్గు కప్పుకుంటే ఉక్క" అన్నాను.

"మన చలి కాదమ్మా, దాని చలి" అన్నారాయన. నడిచే ఇంజనులో నీళ్ళు ఎనభై తొంభై డిగ్రీల వేడి మీద ఉంటాయి. రాత్రల్లా నిలబడ్డ ఇంజనుకి రోహిణీకార్తె తెల్లవారుజాము కూడా చలికాలమే. ఇప్పటి కార్లలో కార్బురేటరు లేదు, ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు లెక్కకడుతుంది. ఆ నీళ్ళ వేడి కొలిచి చెప్పే సెన్సారు అబద్ధమాడితే వాటికీ ఇదే దగ్గట.

"మరి మధ్యాన్నం ఎందుకు బాగుంటోంది?"

"బాగోదమ్మా. వేడికి గోడల్నంటిన పెట్రోలు ఆవిరైపోయి ఆ లోటు కప్పెట్టేస్తది. జబ్బు పగలంతా ఉంటది. కనబడేది పొద్దున్నే."

అసలు నేను రాయాలనుకున్నది ఇక్కడుంది. పుట్టింటికొచ్చిన కూతుర్ని ఏడయ్యేదాకా లేపకూడదని మా అమ్మ నియమం. నేనూ ఇన్నేళ్ళుగా హాయిగా పాటిస్తున్నాను. ఆవేళ మేస్త్రిగారి కోసం అయిదింటికే లేచి, వసారాలో చీకట్లో కూర్చున్నాను. అమ్మ గదిలోంచి వచ్చింది. నేనున్నానని తెలీదు. గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఒక అడుగు వేసింది. ఆగింది. గోడకి చెయ్యి ఆనించి మరో రెండడుగులు. వంటింట్లో కాఫీపొడి డబ్బా మూత తియ్యడానికి వేళ్ళు ముడుచుకోక, డబ్బాని కడుపుకి అదుముకుని మణికట్టుతో తిప్పింది. రాలేదు. పక్కన పెట్టేసి, వేణ్ణీళ్ళు కాచుకుని, ఆ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంది.

నేను రోజూ పదింటికి ఫోను చేస్తాను. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. పదింటికి ఉంటుంది మరి! అమలాపురంలో డాక్టరుకి చూపించినప్పుడు కూడా పన్నెండింటి టోకెనే. అక్కడా చకచకా నడిచి చూపించి, బలం మాత్రలు రాయించుకొచ్చింది.

ఈసారి పక్కన నేను కూర్చున్నాను. "పొద్దున్న లేవగానే కీళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయండీ?" అని డాక్టరమ్మ అడిగితే "ఏదో కాసేపు" అంది అమ్మ.

"గంటంబావు. నేను చూశాను" అన్నాను. అమ్మ నాకేసి చూసిన చూపు చెప్పను. చిన్నప్పుడు పక్కింట్లో మా ఇంటి గుట్టు చెప్పేసినప్పుడు చూసిన చూపే. డాక్టరమ్మ మాత్రం కలం పక్కన పెట్టి, అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. అరుగుదల వల్లనైతే సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుందిట. గంట దాటితే కీళ్ళవాతమేమో చూడాలిట. రక్తపరీక్షలు రాసింది. కీళ్ళవాతమేనని తేలింది. మందులు మొదలయ్యాయి.

రబ్బరు పొర మేస్త్రిగారు ఎక్కణ్ణించో తెప్పించి వేశారు. నా చేతిసంచీ జిప్పు బాగుచేయించినంత కూడా ఖర్చు కాలేదు. కారు ఇప్పుడు పొద్దున్నే ఒక్క తొక్కుడికి కదులుతోంది. తమ్ముడు అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తుతాడు, వాడి సంగతి నాకు తెలుసు.

రాజమండ్రి వచ్చాక ఫోను వేళ మార్చాను. ఇప్పుడు అయిదున్నరకి చేస్తున్నాను. "ఇంత పొద్దున్నే ఏం కొంపలంటుకున్నాయే!" అని తిడుతుంది. ఫోను హాల్లో ఉంటుంది, మంచం దగ్గర పెట్టుకోమంటే వినదు. మొదటివారం పదకొండు పన్నెండుసార్లు మోగితే గాని తీసేది కాదు. మొన్న తొమ్మిది. ఇవాళ ఏడు.