ఒకే కుప్పలో సీఎస్ఈ, ఐటీ

సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగి, బట్టల దుకాణాల రద్దీ దాటి కోఠి వైపు నడిస్తే పాత పుస్తకాల అంగళ్లు వస్తాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు కదా, చుట్టాలూ స్నేహితులూ ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట: పిల్లకి సీఎస్ఈ పెట్టాలా, ఐటీనా? జవాబు చెప్పేముందు ఆ రెండు బ్రాంచీల పుస్తకాలు చూద్దామని వెళ్లాను.

"కంప్యూటర్ సైన్సువి ఎటున్నయన్నా, ఐటీవి ఎటున్నయి?"

"రెండూ గీ కుప్పలనే ఉన్నయి సార్, ఎత్కోండ్రి."

నిజంగానే ఒకటే కుప్ప. అట్ట మీద డైనోసార్లతో గాల్విన్ ఆపరేటింగ్ సిస్టమ్స్, కోర్త్ డేటాబేస్, టానెన్‌బామ్ నెట్‌వర్క్స్. మొదటి పేజీలో పాత యజమానుల రోల్ నంబరు, బ్రాంచి. ఒకరిది సీఎస్ఈ, ఇంకొకరిది ఐటీ; పుస్తకం అదే.

అడుగున డ్రాగన్ బొమ్మతో ఆహో, ఉల్మన్‌ల కంపైలర్స్ దొరికింది. తేడా అంటూ ఉంటే ఇక్కడే. ఆటోమేటా, కంపైలర్లు, అంటే యంత్రం ఏ లెక్క చేయగలదు, ఏది ఎన్నటికీ చేయలేదు అన్న సిద్ధాంతం, సీఎస్ఈలో బరువుగా ఉంటుంది. ఐటీ మొగ్గు నెట్‌వర్కులు, వెబ్, సమాచార భద్రత వైపు. మన కాలేజీల్లో ఆ తేడా చాలాచోట్ల కొన్ని పేపర్లతో సరి. అమెరికాలో అలా కాదు. అక్కడ కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం రెండింటికీ వేర్వేరు పాఠ్యప్రణాళికలే రూపొందించింది. డాలస్‌లో ఉన్న చుట్టమెవరైనా ఐటీ వద్దన్నాడంటే అక్కడి లెక్క చెబుతున్నాడన్నమాట.

పక్కనే ఉన్న లావుపాటి గేట్ గైడు మీద పరీక్ష పేరే 'కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ'. ఇద్దరికీ ఒకే పేపరు, అందులో ఆటోమేటా, కంపైలర్లు కూడా. ఐఐటీలో ఎంటెక్ చేయాలనుకునే ఐటీ విద్యార్థికీ డ్రాగన్ బొమ్మ తప్పదు.

నా పక్కన ఇంటర్ పూర్తయిన అమ్మాయి, వాళ్ల నాన్న.

"ఐటీ పెడ్తే మంచి కాలేజీ వస్తది నాయినా."

"సీఎస్ఈ అంటెనే నలుగుర్ల విలువ బిడ్డా."

ఆ నలుగురూ ఉద్యోగం ఇవ్వరు. ఇచ్చే కంపెనీలు మామూలుగా రెండు బ్రాంచీలనూ కలిపే పిలుస్తాయి. ఒకే కాలేజీలో సీఎస్ఈ కన్నా ఐటీ కాస్త పెద్ద ర్యాంకుకూ దొరుకుతుంది. నాసిరకం కాలేజీలో సీఎస్ఈ, మంచి కాలేజీలో ఐటీ ఎదురైతే నా ఓటు అమ్మాయికే. ఒకే కాలేజీలో రెండూ వస్తే, సిద్ధాంతం మీద మనసున్న పిల్లలు సీఎస్ఈ తీసుకోవాలి.

అసలు అడగాల్సింది వేరే ఉంది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ సీట్ల పరిమితి సడలించాక కంప్యూటర్ సెక్షన్లు పెంచుకునే దారి తెరుచుకుంది. ఆ సెక్షన్లకు పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారో కాలేజీకి వెళ్లి కనుక్కోండి. రెండు సిలబస్‌లూ దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అన్నట్టు, వెబ్ ఆప్షన్లలో ఐటీ కోడ్ 'ఐఎన్ఎఫ్'.