ఎన్ని యూనిట్లు లాగుద్ది?

మా హాస్టల్లో ప్రాసెసర్ల గొడవ క్రికెట్ గొడవ కంటే పెద్దది. ఇంటెల్ కోర్ ఐ9-14900కె గొప్పదా, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ గొప్పదా అని రాత్రి రెండింటిదాకా అరుచుకుంటాం. అరిచేవాళ్లలో ఒక్కడి దగ్గర కూడా ఆ రెండూ లేవు, అది వేరే సంగతి. కానీ ఈసారి నాకిది ఉత్త కబుర్లు కాదు. ముప్పాళ్ళలో మా ఇంటికి నిజంగానే ఒక డెస్క్‌టాప్ కొనాలి. డబ్బులు మిర్చి అమ్మితే వచ్చినవి. 2025లో గుంటూరు యార్డులో మిర్చి రేటు ఎలా పడిపోయిందో మా వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకని ఇప్పుడు కొన్నది నా బీటెక్ అయిపోయాక చెల్లి చదువు కూడా దాటించాలి.

నాన్నకి గిగాహెర్ట్జ్‌లతో పని లేదు. ఆయన అడిగింది ఒకటే: "ఏరా, ఇది ఎన్ని యూనిట్లు లాగుద్ది?"

రివ్యూలన్నింట్లోకీ మంచి ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

14900కె 2023 అక్టోబరులో వచ్చింది. 24 కోర్లు, 6 గిగాహెర్ట్జ్ దాకా వేగం. బేస్ పవర్ 125 వాట్లని రాస్తారు గానీ, ఫుల్ లోడ్‌కి ఇంటెల్ పెట్టిన పరిమితే 253 వాట్లు. 7950ఎక్స్‌కి 16 కోర్లు. 170 వాట్లని చెప్పి 230 దాకా వెళ్తుంది. వీటి పక్కన ఎవరూ అరవని చిప్ ఒకటుంది: రైజెన్ 9 7900, చివర ఎక్స్ లేనిది. 12 కోర్లు, 65 వాట్ల రేటింగ్, మహా అయితే 88. కూలర్ కూడా డబ్బాలోనే వస్తుంది.

ఇప్పుడు నాన్న లెక్క. 253కీ 88కీ తేడా 165 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఫుల్ లోడ్ అనుకుంటే నెలకి దాదాపు 20 యూనిట్లు. 2022 ఆగస్టు టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, అది దాటితే 8.75. ఎండాకాలం కూలర్, ఫ్రిజ్, ఫ్యాన్లతో మా మీటరు ఎలాగూ 225 దాటుద్ది. అంటే ఆ 20 యూనిట్లకి 175 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు అదనం. 14900కె అదే పనిని ముందే ముగిస్తుంది కాబట్టి నిజమైన తేడా ఇంకొంచెం తక్కువే. అయినా నెలనెలా వచ్చే ఖర్చు కదా.

మరి ఓవర్‌క్లాకింగ్? 1998లో సెలెరాన్ 300ఏ కొని, బస్ స్పీడు 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర పరిగెత్తేది. ఊరికే వచ్చిన యాభై శాతం! ఇప్పుడు ఆ కొసరంతా కంపెనీవాళ్లే ముందే పిండేసి అమ్ముతున్నారు. పైగా కరెంటు వాడకం వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 5 శాతం వేగం కోసం వోల్టేజి 10 శాతం పెంచితే, 1.1 ఇంటూ 1.1 ఇంటూ 1.05, అంటే 27 శాతం ఎక్కువ పవర్. ఐదుకి ఇరవై ఏడు. వడ్డీ వ్యాపారి కూడా ఇంత అడగడు.

దీని మీద మా ఎండలు. రెంటచింతల మా జిల్లాలోదే, ఇంకేం చెప్పను. రివ్యూ చేసేవాళ్ల గది 22 డిగ్రీలు అనుకుందాం. 14900కె గరిష్ఠం 100 డిగ్రీలు, కాబట్టి కూలర్‌కి 78 డిగ్రీల వెసులుబాటు. మే నెలలో మా గది 42 ఉంటే మిగిలేది 58. అక్కడ 253 వాట్లని సరిగ్గా ఆపగలిగిన కూలరే ఇక్కడ 188 దగ్గర చేతులెత్తేస్తుంది. ఆరు గిగాహెర్ట్జ్‌కి డబ్బు కట్టి, ఎండాకాలమంతా అంతకంటే తక్కువలో నడుపుకోవాలి. ఆ వేడంతా మళ్లీ గదిలోకే, చదువుకునే చెల్లి మీదకే.

ఇంటెల్ 13, 14 తరాల చిప్‌ల సంగతి నాన్నకి చెప్పాను. అవసరానికి మించి వోల్టేజి అడిగి కొన్ని చిప్‌లు మెల్లగా పాడయ్యాయి. 2024 ఆగస్టులో మైక్రోకోడ్ మార్చి, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచారు. ఆయనేం ఆశ్చర్యపోలేదు. "మోటారు వైండింగ్ కూడా ఒక్క రోజులో కాలదురా, రోజూ కొంచెం కొంచెం కాలుద్ది" అన్నారు. మైక్రోకోడ్ అంటే ఏంటో తెలియకుండానే విషయం పట్టేశారు.

గేములే ముఖ్యం అనుకునేవాళ్ల దారి వేరు. 2024 నవంబరులో వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డి చూడండి, ఎనిమిది కోర్లే అయినా వచ్చినప్పుడు గేముల్లో దానికి తిరుగులేదు, ఓవర్‌క్లాక్ లాక్ కూడా లేదు. నాకు కంపైలింగ్, కొంచెం వీడియో ఎడిటింగ్ కావాలి. అందుకే 7900కే ఓటు. విడుదలప్పుడు అది 429 డాలర్లు, 14900కె 589. ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి చెల్లి రేపు బోర్డు మార్చకుండా చిప్ మార్చుకోవచ్చు. ఇంటెల్ మాత్రం 285కెతో సాకెట్ మార్చేసింది. ఇక నా ఓవర్‌క్లాకింగ్ సరదా అండర్‌వోల్టింగ్‌తో తీర్చుకుంటా. అదే వేగం, తక్కువ వోల్టేజి. ఆ ఆట కూడా బాగానే ఉంటుంది.

మిగిలిన డబ్బు యూపీఎస్‌కి. మా వీధిలో సాయంత్రం కరెంటు ఎలా ఊగుద్దో తెలిస్తే మీరూ అదే కొంటారు. వచ్చే నెల రేట్లు అడగడానికి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తున్నా. ఎవరైనా వస్తానంటే చెప్పండి, ఇద్దరం కలిసి బేరమాడితే ఇంకో ఐదొందలు తగ్గిస్తారేమో.