ఖాళీ గడిలో 11 పేర్లు

నెలలోపు గడువు తీరే డొమైన్ పేర్లలో ఆటో రెన్యూవల్ లేనివి ఏరడం నా పని. రెడీమేడ్ రిపోర్టు ఆ గడిలో 'ఎస్' లేనివి చూపించమంటుంది. గడి అసలు ఖాళీగా, అంటే 'నల్'గా ఉంటే? ఎస్‌క్యూఎల్ దాన్ని 'కాదు' అనుకోదు. తెలీదనుకుని వదిలేస్తుంది! అందుకే సొంతంగా క్వెరీ రాసి, 'ఈజ్ నల్' అనే షరతు కూడా కలిపాను. 11 పేర్లు బయటపడ్డాయి.

ఒకటి పచ్చళ్లు అమ్మే ఆవిడది. గడువు మూడు రోజులే. డాట్ కామ్ పేరు రిడెంప్షన్‌లోకి జారితే 30 రోజుల్లోపు అదనపు ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. అదీ దాటితే ఇంకో 5 రోజులకి ఎవరైనా కొనేసుకోవచ్చు. డబ్బాల మీద లేబుళ్లన్నీ ఆ పేరుతోనే ఉన్నాయట.

ఫోన్ చేస్తే, "పేరుకి కూడా ఎక్స్‌పైరీ ఉంటుందా బాబూ? పచ్చడికే అనుకున్నా!" అన్నారు. సాయంత్రానికల్లా కట్టేశారు.

ఇంకా పది మందికి ఫోన్ చెయ్యాలి.