చంద్రుని గోధుమలు

నౌరోజీ 1901 నాటి గ్రంథంలో వివరించిన సంపద తరలింపు నాకు మరల ఒక అమెరికన్ నవలలో ఎదురైంది. రాబర్ట్ హైన్‌లైన్ 1966లో వెలువరించిన ఆ కథ 2075 నాటిది. శిక్షపడి చంద్రునికి చేరినవారూ, వారి సంతతీ సొరంగాలలో గోధుమ పండిస్తారు. భూమి నియమించిన అధికారులు చెప్పినదే ధర. గింజతోపాటు చంద్రుని నీరు కూడా తరలిపోతుంది, తిరిగి రాదు. ఇట్లే సాగితే ఏడేండ్లలో తిండికై అల్లర్లు తప్పవని గణకయంత్రం లెక్కగట్టగా తిరుగుబాటు రగులుతుంది.

అయితే ఆ గోధుమ తినేది ఆకలిగొన్న భారతదేశం! 1966లోనే మనం పి.ఎల్. 480 ఓడలకై ఎదురుచూచితిమి. ఆ గోధుమలకై వరుసలో నిలిచిన తరం మా నాయనమ్మది. నౌరోజీ పుటలలో దోపిడికి గురియైన మనమే ఇక్కడ భోక్తలము. తిరుగుబాటుదారుల పక్షాన చదువుతున్న నాకు ఇది మింగుడుపడలేదు. వారి నాయకుడైన ప్రొఫెసర్ మాత్రం ఆగ్రాకు వచ్చి, టన్నుకు టన్ను చొప్పున నీరూ ఎరువూ తిరిగి పంపమంటాడు.