సినిమా చూసి వెళ్లిపోయినవాళ్లు, సిరీస్‌తో ఉండిపోయినవాళ్లు

2009లో జె.జె. అబ్రమ్స్ తీసిన ‘స్టార్ ట్రెక్’ అంటే నాకు చాలా ఇష్టం. పాత కథ ఏమీ తెలియకపోయినా హాయిగా చూడొచ్చు. పైగా పాత సిరీస్‌లో స్పాక్ పాత్ర వేసిన లియొనార్డ్ నిమోయ్‌ని తెచ్చి కొత్త స్పాక్ ఎదుట నిలబెట్టారు. ఎంత మర్యాద! కొత్త ప్రేక్షకులు బోలెడంత మంది వచ్చారు. మరి వాళ్లలో ఎందరు ఉండిపోయారు? ఈ కొత్త సినిమాల్లో మూడోది, 2016లో వచ్చిన ‘బియాండ్’, మొదటిదాని వసూళ్లను కూడా అందుకోలేదు.

నాకేమనిపిస్తుందంటే, రెండు గంటల సినిమా పరుగులో కథానాయకుడు కెప్టెన్ కిర్క్ నచ్చేస్తాడు. కానీ మనవాడైపోవాలంటే వారం వారం ఇంటికి రావాలి. 1966లో మొదలైన అసలు టీవీ సిరీస్‌కి రేటింగులు గొప్పగా లేవు, మూడు సీజన్లతోనే ఆగిపోయింది. అయినా దాన్ని ఆపొద్దని జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆగిపోయాక పునఃప్రసారాల్లో మళ్లీ మళ్లీ చూశారు. 70ల్లో అభిమానుల సమావేశాలు నిండిపోయింది అలాగే.

కొత్త సినిమాలు మాత్రమే చూసినవాళ్లు ఇక్కడుంటే, పాత సిరీస్‌లో ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఎపిసోడ్ ఒక్కటి చూడండి. తను ప్రేమించిన మనిషిని కాపాడకుండా కిర్క్ ఆగిపోవాల్సిన క్షణం ఉంది అందులో. చూశాక తర్వాతి ఎపిసోడ్ పెట్టుకున్నారో లేదో కామెంట్లో చెప్పండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.