యజమాని మతం, ఉద్యోగి మాత్ర

మందుల షాపు కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ వైపు చూసి, దీనికి మీ ఇన్సూరెన్స్ వర్తించదు, మీరే కట్టుకోవాలి అంది. గుంటూరు నుంచి అమెరికా వచ్చి పదేళ్లు దాటిన ఆమెకి ముందు అర్థం కాలేదు. పాత ఉద్యోగంలో ఇదే గర్భనిరోధక మాత్రకి ఒక్క సెంటు కట్టింది లేదు. పైగా డాక్టరు రాసింది పిల్లలు పుట్టకుండా కాదు, పీసీఓడీ అనే అండాశయ సమస్యకి. మారిందల్లా ఉద్యోగమే. రెండేళ్ల కిందట ఒక క్యాథలిక్ ఆసుపత్రి అకౌంట్స్ విభాగంలో చేరింది.

హెచ్ఆర్ వాళ్లని అడిగితే, జబ్బు కోసమేనని డాక్టరు చేత రాయించుకు రమ్మన్నారు. తన నెలసరి గొడవ ఆఫీసు ఫైల్లోకి ఎక్కడం ఆమెకి ఇష్టం లేకపోయింది. డబ్బు కట్టేసి ఊరుకుంది.

ఇలా ఊరుకోని మనిషి సాండ్రా ఫ్లూక్. జెసూట్ క్యాథలిక్ ఫాదర్లు నడిపే జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థిని. పీసీఓడీ ఉన్న స్నేహితురాలికి ఇన్సూరెన్స్ మాత్రలు ఇవ్వలేదనీ, కొనుక్కోలేక మానేస్తే చివరికి ఒక అండాశయమే తీసేయాల్సి వచ్చిందనీ 2012 ఫిబ్రవరిలో చట్టసభ సభ్యుల ముందు చెప్పింది. అంతకు వారం ముందు ఇదే విషయంపై జరిగిన విచారణలో ఆమెని మాట్లాడనివ్వలేదు. ఆ రోజు మొదటి విడత సాక్షులంతా మగవాళ్లే!

2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టం కింద గర్భనిరోధకాలకు ఇన్సూరెన్సే పూర్తిగా చెల్లించాలన్నారు. చర్చిలకు మినహాయింపు. చర్చి అనుబంధ ఆసుపత్రులు, కాలేజీలు ఒక ఫారం మీద అభ్యంతరం తెలిపితే చాలు, ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ భరించేలా ఏర్పాటు చేశారు. 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' సన్యాసినులు ఆ ఫారం మీద సంతకం కూడా పెట్టబోమన్నారు. సంతకం పెడితే ఆ పనిలో తామూ పాలు పంచుకున్నట్టేనని వాళ్ల వాదన. వీళ్లు దిక్కులేని ముసలివాళ్లకి అన్నం పెట్టే మనుషులు, సికింద్రాబాద్‌లోనూ వాళ్ల వృద్ధాశ్రమం ఉంది. కాబట్టి వాళ్లని తిట్టిపోయడం మన గుంటూరు మనిషికి చేతకాదు. 2014లో ఇలాంటి కేసే గెలిచిన హాబీ లాబీ కంపెనీ సంగతి వేరు. అది పూసలూ రంగు కాగితాలూ అమ్ముకునే వ్యాపారం. దానికీ మతవిశ్వాసం ఉందని సుప్రీంకోర్టు 5-4తో ఒప్పుకుంది.

ట్రంప్ ప్రభుత్వం 2017లో మినహాయింపుని ఇంకా వెడల్పు చేసింది. 2020లో సుప్రీంకోర్టు 7-2తో సరే అంది. దీనివల్ల 70,500 నుంచి 1,26,400 మంది దాకా ఆడవాళ్లు ఈ సదుపాయం కోల్పోవచ్చన్నది ప్రభుత్వం వేసుకున్న లెక్కే. జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో దాన్నే ఎత్తిచూపారు.

మందుల షాపులో డబ్బు కట్టి ఊరుకున్న ఆమె పుట్టింది గుంటూరులో సిస్టర్లు నడిపే ఆసుపత్రిలోనే. ఇద్దరు పిల్లలయ్యాక వాళ్లమ్మ కు.ని. ఆపరేషన్ మాత్రం ప్రభుత్వాసుపత్రిలో చేయించుకుంది. సిస్టర్లు ఆ ఆపరేషన్ చేయరని ఊళ్లో అందరికీ తెలుసు, దానిమీద ఎవరికీ కోపం లేదు. మాలా-ఎన్ మాత్రలు నర్సమ్మ ఉత్తపుణ్యానికి ఇచ్చేది. ఏ యజమాని నమ్మకంతోనూ పని పడలేదు. అమెరికాలో అలా కాదు, సాధారణంగా ఉద్యోగం ఇచ్చినవాడే వైద్య బీమా కూడా ఇస్తాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేస్తే, పనివాళ్లని ఆకట్టుకోవడానికి కంపెనీలు బీమా ఎర వేశాయి. ఆ ముడి ఇప్పటికీ విప్పలేదు. అసలు తగాదా అక్కడుంది, కోర్టులు మాత్రం దేవుడి గురించి వాదించుకుంటున్నాయి.

ఆమె తెలుగు నేస్తాల్లో క్యాథలిక్ విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు, ఆ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు చాలామందే. వాళ్లకి ఆమె చెప్పేది ఒకటే: ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసి మురిసిపోకుండా, ప్లాన్ కాగితాలు తెప్పించుకుని గర్భనిరోధకాల వరస ఎక్కడుందో వెతకండి. అసలు ఆ వరసే లేకపోతే, సంతకానికి ముందే అడగండి.